తొమ్మిదో ప్రశ్న

సంత రోజు పొద్దున తొమ్మిది కాకముందే నా టేబుల్ మీద అట్టపెట్టె నిండిపోతది. బిస్కెట్ల పెట్టె అది, మూత చింపేసిన. దాని నిండా ఫోన్లే. అద్దం పగిలినవి, ప్లాస్టిక్ కవర్లో చుట్టినవి, వెనక అట్ట ఊడిపోతే మాత్రల షీటు పెట్టి టేపు వేసినవి. ఒక్కో ఫోనుకు రబ్బరు బ్యాండు, బ్యాండు కింద ఊరి పేరు రాసిన చిట్టీ. మనిషి పేరు రాయాల్సిన పనిలేదు, ఊరికి ఒక్కతే కదా.

తెలుగు సరిహద్దును ఆనుకున్న కొంటాలో, హిందీలో నడిచే మా ఆఫీసుకు నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఏ ఆఫీసో చెప్పను, చెప్తే మా బడేబాబుకు బీపీ పెరుగుతది. బడేబాబు అంటే మా పెద్ద గుమాస్తా, ఇక్కడ అందరం అట్లనే అంటం. మా కింద అడవి ఊళ్లల్ల పసిపిల్లల కేంద్రాలు నడిపే ఆడోళ్లు నలభై మంది ఉన్నరు. పిల్లలకు గంజి కాచి పోస్తరు, తూకం వేస్తరు, నాలుగు అక్షరాలు దిద్దిస్తరు. వాళ్ల హాజరు, సెలవు, ట్రైనింగు అన్నీ ఒక పోర్టల్లో ఉంటయి. ఆ పోర్టలేమో టవర్ ఉన్నకాడ తప్ప తెరుచుకోదు. టవరేమో వాళ్ల ఊళ్లల్ల లేదు.

అందుకని వాళ్లు సంతకు వచ్చినప్పుడు ఫోన్లు నా దగ్గర పడేసి ఉప్పు, నూనె కొనుక్కోవడానికి పోతరు. నేను ఒక్కొక్కటే తెరిచి అడిగినవన్నీ నింపి పెడత. అందరికీ ఒకటే పాస్‌వర్డ్, మా ఇంటి మేక పేరు. నేనే పెట్టిన. ఎవరిది వాళ్లు గుర్తు పెట్టుకోండ్రా అంటే వినరు. చార్జింగ్ లేకుండా తెచ్చి పడేస్తరు. "మీ ఫోన్లకు ముద్దలు కలిపి తినిపించాల్నా నేను?" అని అరుస్త. వాళ్లు నవ్వుతరు. నా అరుపులకు ఎవరూ భయపడరు, అదే నా కర్మ.

ఇది తప్పని నాకు తెలుసు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని తెర మీద ఎర్రక్షరాల్లో రాసి ఉంటది. కానీ ఇట్ల చేయకపోతే ఆ నలభై మందిలో ఒక్కతికి కూడా హాజరు పడదు. బడేబాబుకూ తెలుసు, ఆయన నా టేబుల్ పక్క నుంచి పోయేటప్పుడు కిటికీ దిక్కు చూస్తడు. పోర్టల్ మంచిగ నడుస్తున్నట్టే కాగితాల మీద ఉంటది. నేనూ ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే మనిషినే. నోరు మూసుకొని నింపుకుంట కూర్చున్న.

ఆ ఎండాకాలం పైనుంచి ఒక సర్వే వచ్చింది. ఉద్యోగులకు పోర్టల్‌తో సంతృప్తి ఎంత ఉన్నది అని. పదిహేను ప్రశ్నలు. ప్రతి ప్రశ్న కింద అయిదు గుండ్రటి మొఖాలు. మొదటిది ఎర్రది, ఏడుస్తున్నది. ఆఖరిది పచ్చది, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నది. వారంలోపు అందరిదీ పూర్తి కావాలని ఆర్డర్. ఓయమ్మా, హాజరుకే దిక్కులేదు, ఇప్పుడు సంతృప్తి ఒకటా అని తల పట్టుకున్న.

నేనే అన్నీ నొక్కేసి పంపొచ్చు. బడేబాబు అదే అన్నడు, "మొత్తం పచ్చవి కొట్టెయ్, టీ తాగుదాం." నాకెందుకో ఒప్పలేదు. హాజరంటే సరే, మనిషి మనసులో ఉన్నది కూడా నేనే రాసేస్తే ఎట్ల? ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుదామనుకున్న. నా నిజాయితీకి నేనే మురిసిపోయిన. ఆ మురిపెమే కొంప ముంచింది.

సంత రోజు ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్న హిందీలో చదివి, వాళ్ల దోర్లీ భాషలోనో తెలుగులోనో చెప్పి, మొఖాలు చూపించిన. అందరూ తెర చూడలేదు, నా మొఖం చూసిన్రు. చూసి, పచ్చ మొఖం మీద వేలు పెట్టిన్రు. ఒకరి తర్వాత ఒకరు, పదిహేను ప్రశ్నలకు పదిహేను పచ్చవి.

వాగవతల ఊరి చెల్లె మధ్యాహ్నం వచ్చింది. నాకు వరసకు ఏమీ కాదు, ఆమె నన్ను అక్కా అంటది, నేను చెల్లె అంట. అడవిలో కొట్లాటలకు ఆ ఊళ్లు ఖాళీ అయిన రోజుల్లో వాళ్లమ్మానాయన ఆమెను ఎత్తుకొని శబరి నది దాటి పోయిన్రు. అటుపక్క తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నది. తిరిగి వచ్చి సొంతూళ్లో కేంద్రం తెరిచింది. దాని గోడకు సున్నం వేసింది ఆమే, పొయ్యి కట్టింది ఆమే. ఆ ఊరి నుంచి నౌకరీ అన్నది చేసిన మొదటి ఆడమనిషి. తెలుగు నాకంటే మంచిగ రాస్తది. హిందీ మాత్రం చింతపండు అమ్ముకునేంత వచ్చు.

ఆ రోజు నా కోసం ఇప్పపువ్వు లడ్డూలు మోదుగాకులో కట్టుకొచ్చింది. స్టూలు మీద కూర్చొని మొఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఇది ఎవరి గురించి అడుగుతున్నరు అక్కా?"

"పోర్టల్ గురించే. నీకు సంతృప్తిగ ఉన్నదా లేదా అని."

"పోర్టల్ అంటే నువ్వే కదా?"

నవ్వొచ్చింది నాకు. నేనెట్లయిత పిచ్చిదానా అన్న.

"మరి నేనెప్పుడు చూసిన దాన్ని? ఫోను నీకిస్త, పనయిందంటవు, తీసుకపోత. నాకు తెలిసింది నువ్వే." పచ్చ మొఖం మీద వేలు పెట్టింది. "అన్నిటికీ ఇదే కొట్టు. నీ గురించి ఎవరన్న ఏడుపు మొఖం పెడతరా?"

అక్కడే ఆగి ఉండాల్సింది. నాకు అర్థమయింది, అర్థం కాలేదని ఇప్పుడు బుకాయించను. వీళ్లందరూ పోర్టల్‌కు కాదు, నాకు మార్కులు వేస్తున్నరు. ఇంటికి పిలిచి వండిపెట్టి ఎట్లున్నది కూర అని అడిగిన మనిషికి మొఖం మీదే ఉప్పెక్కువయిందని ఇక్కడ ఎవరూ చెప్పరు, అది మర్యాద కాదు. అడిగింది నేను, వండింది నేననుకున్నరు. తొమ్మిదో ప్రశ్న, "మీరు పనిచేసే చోటు నుంచి ఇబ్బంది లేకుండా హాజరు వేయగలుగుతున్నారా?" అని. దానికీ పచ్చదే. వాళ్ల ఊరి నుంచి చెల్లె ఎట్ల వేస్తదో నాకు తెలియదా? పొద్దున్నే వాగు దాటి, అవతలి గుట్ట మీద ఒక బండ ఎక్కి, ఫోను పైకెత్తి పట్టుకొని నిలబడితే ఒక్క గీత సిగ్నల్ వస్తది. సంత లేని రోజుల్లో ఆ ఒక్క గీతే ఆమె హాజరు, నేను తెరిచిపెట్టిన ఫోన్లోంచి దానంతట అదే పోతది. తెలిసి కూడా నొక్కిన. లడ్డూ నోట్లో ఉన్నది, నాకు హాయిగా ఉన్నది. నన్ను మెచ్చుకునేటోళ్లు నలభై మంది అని గుండె ఉబ్బింది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో కూడా నన్ను అట్ల మెచ్చుకున్నోళ్లు లేరు.

నెల తిరగకుండా మా బ్లాక్ సంతృప్తిలో జిల్లాకే మొదటిదని కబురొచ్చింది. మీటింగులో నన్ను లేపి నిలబెట్టిన్రు. జిల్లా సాబ్ కొత్తగా వచ్చినోడు, వయసు చిన్నది, మంచిగ మాట్లాడతడు. "అంత లోపలి ఊళ్లల్ల ఇంత మంచి ఫలితం ఎట్ల తెచ్చిన్రు?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగిండు. నేను గొంతు సవరించుకొని, "వాళ్ల భాషలో అడిగినం సాబ్" అన్న. చప్పట్లు కొట్టిన్రు. ప్రశంసాపత్రం ఇచ్చిన్రు, బంగారు అంచుది. సిగ్గులేకుండా ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టిన.

ఆషాఢం చివర వానలు పట్టినయి. వాగు పొంగింది. ఊరు ఒక ఒడ్డున, బండ ఇంకో ఒడ్డున. చెల్లె పద్దెనిమిది రోజులు గుట్టెక్కలేకపోయింది, సంతకూ రాలేకపోయింది. ఆ పద్దెనిమిది రోజులూ కేంద్రం తెరిచే ఉన్నది. పిల్లలు వచ్చిన్రు, గంజి తాగిన్రు, తూకాలు రిజిస్టర్లో ఎక్కినయి. పోర్టల్లో మాత్రం వరుసగా పద్దెనిమిది ఎర్ర చుక్కలు పడ్డయి. వాగు తగ్గి ఆమె కొంటా చేరేసరికి నోటీస్ నా టేబుల్ మీద ఉన్నది. చెప్పకుండా విధులకు గైర్హాజరయినందుకు నౌకరీ ఎందుకు తీసేయకూడదో జిల్లా ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలట.

చదివి వినిపించిన. చెల్లె రెండుసార్లు చదవమన్నది.

"నేను లేనని ఎవరు చెప్పిన్రు అక్కా?"

"పోర్టల్ చెప్పింది."

చెల్లె రిజిస్టర్ ఉన్న ప్లాస్టిక్ సంచి ఒళ్లో పెట్టుకొని గట్టిగ పట్టుకున్నది.

విచారణకు ఆమెతో నన్ను కూడా రమ్మన్నరు, హిందీలో చెప్పడానికి. బస్సులో పోతుంటే నేనే ధైర్యం చెప్పిన. వాన సంగతి అందరికీ తెలుసు, రిజిస్టర్ ఉన్నది, సాబ్ మంచోడు, ఏం కాదు. నా మాటలు నాకే నమ్మకంగా అనిపించినయి.

గదిలో ముగ్గురున్నరు. మధ్యలో ఆ సాబే. రిజిస్టర్ ఓపికగా తిరగేసిండు, ఒక పేజీ దగ్గర ఆగి ఒక పిల్ల తూకం ఎందుకు తగ్గిందని కూడా అడిగిండు. జొరమొచ్చింది, ఇప్పుడు మంచిగున్నదని చెల్లె చెప్పింది. ఆయన మొఖం మెత్తబడ్డది. అయిపోయింది, గట్టెక్కినం అనుకున్న.

అప్పుడు పక్కాయన ఒక కాగితం ముందుకు జరిపిండు. మా సర్వే. చెల్లె పేరు, పదిహేను ప్రశ్నలు, పదిహేను పచ్చ మొఖాలు. 

సాబ్ కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. "ఇబ్బంది ఉంటే చెప్పమని మేమే అడిగినం కదా. తొమ్మిదో ప్రశ్న ప్రత్యేకంగా దాని గురించే. ఇబ్బంది లేదని మీరే అన్నరు. ఇప్పుడు సిగ్నలే లేదంటున్నరు. ఏది నమ్మాలి నేను? అప్పుడు అయిదో మొఖం ఎందుకు పెట్టిన్రు?"

చెల్లె నా దిక్కు తిరిగింది, నేను తెలుగులోకి మార్చకముందే. అప్పుడు నేనది పట్టించుకోలే. నేను చెప్పడం అయినంక నిదానంగా జవాబిచ్చింది.

"నేను ఆ మొఖం పోర్టల్‌కు పెట్టలేదని చెప్పు అక్కా. నీకు పెట్టిన. నువ్వు లేకపోతే అది నాకు తెరుచుకోదు. దాన్ని నేను ఎన్నడూ చూడను కూడా చూడలే అని చెప్పు."

ఇంతే. హిందీలో నాలుగు ముక్కలు. నాకు హిందీ మంచినీళ్లు తాగినంత సులువు. కానీ ఆ నాలుగు ముక్కలు చెప్తే తర్వాతి ప్రశ్న ఏందో నాకు తెలుసు. నువ్వు లేకపోతే తెరుచుకోదంటే ఏంది? ఆమె పాస్‌వర్డ్ నీ దగ్గర ఎట్లున్నది? ఎంతమందివి ఉన్నయి? మేక పేరు, అట్టపెట్టె, ప్రశంసాపత్రం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగినయి. నా రెన్యువల్ కాగితం సంతకం కోసం ఈ సాబ్ టేబుల్ మీదికే పోవాలి. 

"అప్పుడు బాగానే పనిచేసిందట సాబ్" అన్న హిందీలో.

అన్న. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. నా నోరే అన్నది. సాబ్ తల ఊపి కాగితం మీద రాసుకున్నడు. కొంచెం బాధగా చూసిండు కూడా, ఇంకేదన్న చెప్పేదుంటే చెప్పమని అడిగిండు. నేను తలొంచుకున్న. చెల్లె నన్నే చూస్తున్నదని తెలుస్తున్నది, తలెత్తలేదు.

తిరుగు బస్సులో దోర్నాపాల్ దాటినంక చెల్లె సంచిలోంచి ఉడకపెట్టిన మక్కకంకి తీసి రెండుగా విరిచింది. పెద్ద ముక్క నాకిచ్చింది. నేను తిన్న. దాన్ని మింగడం ఎంత కష్టమయిందో నాకు తెలుసు, అయినా తిన్న. కిటికీలోంచి చూసుకుంట ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. అమాయకురాలు, నేను మంచిగనే చెప్పిన అనుకుంటున్నదని నాకు నేను సర్ది చెప్పుకున్న.

పదిహేను రోజులకు ఆర్డర్ వచ్చింది. నౌకరీ తీసేసిన్రు. కేంద్రాన్ని వాగు ఇవతలి ఊరి కేంద్రంలో కలిపేస్తరట. పోర్టల్లో ఆమె ఊరు నొక్కితే ఖాళీ తెల్లటి పేజీ వస్తున్నది. ఎన్నిసార్లు నొక్కి చూసిన్నో నాకే తెలియదు. ఇంట్లో అన్నం సహించేది కాదు. టీవీ చూద్దామంటే పక్కన ఆ బంగారు అంచు. తీసి బియ్యం డబ్బా వెనక పడేసిన. బియ్యం కొలిచినప్పుడల్లా అక్కడ కనపడేది.

సంత రోజు చెల్లె వచ్చింది. ఇప్పుడు ఫోను నాకిచ్చే పనిలేదు, అయినా వచ్చి స్టూలు మీద కూర్చున్నది. ఆర్డర్ చేతికిచ్చిన. మడిచి జాకెట్లో పెట్టుకున్నది. ఇంక నాకు ఆగలేదు. ఆమెను వరండా చివరికి తీసుకపోయి చెప్పేసిన. నువ్వు చెప్పింది నేను చెప్పలేదు, వేరేది చెప్పిన, నీ నౌకరీ పోగొట్టింది పోర్టల్ కాదు నేనే అని. ఏడ్చిన కూడా. ఏడ్చే హక్కు నాకెక్కడిది? అయినా ఏడ్చిన.

చెల్లె అంతా విన్నది.

"తెలుసు అక్కా" అన్నది.

"ఏం తెలుసు?"

"సంతల చింతపండు అమ్ముతుంట, బాగుంది, బాగాలేదు అన్నంత హిందీ నాకు రాదా? నువ్వు బాగుందన్నవు. నాకప్పుడే అర్థమయింది. భయపడ్డవనుకున్న. బయటికి వచ్చినంక ఎనక్కి పోయి చెప్తవేమో అనుకున్న. బస్సెక్కినంక ఆశ ఇడిసిపెట్టిన."

మక్కకంకిలో పెద్ద ముక్క గుర్తొచ్చింది. అంతా తెలిసే ఇచ్చింది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆ సాయంత్రం ఆఫీసులోనే కూర్చొని హిందీలో రాసిన. విచారణలో ఆమె అన్న మాటలు ఇవి, నేను చెప్పిన మాట ఇది, తేడా నాది. నలభై మంది పాస్‌వర్డులు నా దగ్గరున్నయి. సర్వేలో వాళ్లు పెట్టిన పచ్చ మొఖాలు నాకు పెట్టినవి, పోర్టల్‌కు కావు. బడేబాబు చదివి చెమటలు తుడుచుకున్నడు. "నీకేమన్న పిచ్చా? ఇది నా చేతుల మీదుగా పోదు. ఫిర్యాదు ఉంటే పోర్టల్లో వెయ్" అన్నడు. దీని దుంపతెగ, ఆమెకు పోర్టల్లో పేరే లేదు, ఎక్కడ వేయాలి? నేనే బస్సెక్కి పోయి సాబ్ చేతికిచ్చిన, బంగారు అంచు కాగితం కూడా దానిమీద పెట్టిన. ఆయన నిలబడే చదివిండు.  తర్వాత రెండూ సొరుగులో పెట్టి, మళ్లీ విచారణ పెడత, ఇద్దరూ రండి, ఈసారి అందరి ముందర నోటితో చెప్పాలి అన్నడు. నీ సంగతి కూడా అప్పుడే చూస్త అన్నడు.

దానికి ఇంకా నాలుగు రోజులున్నది. ఈలోపు రెండో విడత సర్వే వచ్చింది. అవే పదిహేను ప్రశ్నలు, అవే మొఖాలు. మొన్న సంతకు అట్టపెట్టె మళ్లీ నిండింది. ఈసారి ఒక్కొక్కరికీ చెప్పిన, నన్ను పక్కన పెట్టండ్రా, నేను పోర్టల్ని కాదు అని. కొందరు ఆలోచించిన్రు. కొందరు నా మొఖం చూసి పచ్చదే నొక్కిన్రు, తిట్టినా వినలేదు.

ఆఖరున చెల్లె వచ్చి స్టూలు మీద కూర్చున్నది.

"నన్ను అడగవా అక్కా?"

"నీ పేరు లేదు కదా చెల్లె. ఎక్కడ రాయాలి?"

"రాయకు. ఊరికే అడుగు."

తొమ్మిదో ప్రశ్న చదివిన. మీరు పనిచేసే చోటు నుంచి ఇబ్బంది లేకుండా హాజరు వేయగలుగుతున్నారా? ఈసారి ఆమె నా మొఖం చూడలేదు. తెర మీదికి వంగి, మొదట ఉన్న ఎర్ర మొఖం మీద వేలు పెట్టింది.

"ఇది పోర్టల్‌కు" అన్నది.

అడగకూడదని తెలుసు. నోరు ఊరుకోదు కదా.

"మరి నాకు?"

ఆమె వేలు తీసేసింది. జీపు హారన్ కొడుతున్నది, వాళ్ల ఊరి దిక్కు పోయేది. సంచి భుజానికి వేసుకొని లేచింది.

"నీకు ఇప్పుడే ఇయ్య అక్కా. సాబ్ ముందర నువ్వు చెప్పేది ఇని ఇస్త."